టేపు కింద ఎవరున్నారు?

ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ అంటే మన దగ్గర ఎవరికీ తెలియదు. "గోడకు టేపేసి అంటించిన అరటిపండు" అంటే మాత్రం నల్లగొండ బస్టాండులో చాయ్ తాగే మనిషి కూడా "ఆఁ, కోట్లకు అమ్మిండ్రు, గదే కదా" అంటాడు. 2024 నవంబర్‌లో న్యూయార్క్‌లో సోద్‌బీస్ వాళ్ళ వేలంలో ఆ పండు, వాళ్ళ ఫీజులతో కలిపి, 62 లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కలో యాభై కోట్ల పైమాటే. ఆ వారం మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో వేరే ముచ్చట లేదు. కొల్లాపూర్ మామిడికి టేపేస్తే ఎంతొస్తది, మిర్యాలగూడ బియ్యం బస్తాకు వేస్తే ఎంతొస్తది, అసలు టేపు ఖర్చు ఎవరు పెట్టుకోవాలె... మా బావ అయితే "దీన్ని ఆర్ట్ అన్నోన్ని, అమ్మినోన్ని, నీలెక్క దాని గురించి చదివెటోన్ని, ముగ్గుర్ని పట్టుకొని గోడకు అంటియ్యాలె" అని తీర్పు ఇచ్చేశాడు.

బావకు తెలియని సంగతి ఏంటంటే, ఆ ముగ్గురిలో ఒకరిని కాటెలాన్ 1999లోనే అంటించాడు. మిలాన్‌లో తన పనులు అమ్మిపెట్టే గ్యాలరీ యజమాని మస్సిమో ది కార్లోను, ఆయన సొంత గ్యాలరీలోనే, కాళ్ళు నేలకు ఆనకుండా గోడకు టేపులతో బిగించి వేలాడదీశాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళకు ఆ రోజు ప్రదర్శన అదే. చివరికి ది కార్లోను ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ళ తర్వాత అదే రకం టేపు అరటిపండు మీదికి వచ్చింది. ఈ ఇరవై ఏళ్ళలో టేపు కింద ఉన్నది మారిపోవడం గురించే నా పేచీ అంతా.

నా ఉద్దేశంలో అరటిపండు కాటెలాన్ చేసిన వాటిలో బలహీనమైనది. దాన్ని చూసి ఆయన్ని తిట్టేవాళ్ళూ, దాన్ని చూసి ఆయన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళూ, అంతకు ముందు ముప్పై ఏళ్ళ పనిని వదిలేసి పండు చుట్టే తిరుగుతున్నారు. ఆ ముప్పై ఏళ్ళలో ఆయన చేసిన వెటకారం, ముఖ్యంగా క్యూరేటర్‌గా, అంటే ఇతరుల పనులు ఏరి ప్రదర్శనలు పెట్టేవాడిగా చేసిన వెటకారం, పిట్టలదొరను చూస్తూ పెరిగినవాళ్ళకు న్యూయార్క్ వాళ్ళకంటే తొందరగా ఎక్కుతుంది.

పిట్టలదొరను చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. తుపాకి రాముడు అంటారు, లత్కోర్ సాబ్ అని కూడా అంటారు. దేవరకొండ అంగడిలో చిన్నప్పుడు నేను చూసిన ఆయనకు పాత ఖాకీ కోటు, దాని మీద పతకాల లెక్క సోడా మూతలు, ముడి ఊడిన టై, నెత్తిన ఇంగ్లిష్ దొరల టోపీ, ఒక కాలికి బూటు, ఇంకో కాలికి స్లిప్పరు, భుజాన కట్టె తుపాకి. కూరగాయల గంపల మధ్య ఆగి, తుపాకి నేలకానించి, తనిఖీకి వచ్చిన ఆఫీసర్‌లా చుట్టూ ఒకసారి చూసేవాడు. ఇక మొదలు. "ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది. సాగర్ నీళ్ళు మీ ఊరికి తేవాల్నంటే ఎన్ని బకెట్లు గావాలె, ఎంబడే చెప్పుమన్నరు. నేను చెప్పిన, ఊరోళ్ళ దగ్గర బకెట్లు ఉన్నయి సార్, నీళ్ళే లెవ్వు అని." సాగర్ ఆనకట్ట కూతవేటు దూరంలో పెట్టుకుని బోరు నీళ్ళ ఫ్లోరైడుతో కాళ్ళు వంకర్లు పోయిన జిల్లా కదా, నవ్వు ఎక్కడి నుంచి వచ్చేదో వేరే చెప్పనక్కర్లేదు. "దొరవారి గడిల నాకు రెండు రూములున్నయి. ఒక దాంట్లె నేను పండుకుంట, ఇంకొక దాంట్లె నా అప్పులు పండుకుంటయి" అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు పాత పటేల్ గారి మనవడు అక్కడే ఎరువుల దుకాణం ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉండేవాడు. ఆయన కూడా నవ్వేవాడు. నవ్వక తప్పదు. అంగడంతా చూస్తోంది, నవ్వకపోతే ఆ మాట తనకే తగిలిందని ఒప్పుకున్నట్టు. ఆట అయిపోయాక పిట్టలదొర జోలె చాపేది కూడా మొదట ఆయన ముందే.

గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేతపట్టుకోవాల్సిన రోజుల నుంచి వచ్చిన వేషం ఇది. దొర వేషమే వేసుకుని, దొర గొప్పలే చెప్పి, దొర చేతే వడ్లు కొలిపించుకోవడం. ఇందులో మూడు పనులు జరగాలి: వెక్కిరించే వాడు ఎదుటివాడి దుస్తులు వేసుకోవాలి, వెక్కిరింపు తగిలినవాడు అక్కడే ఉండాలి, వాడు నవ్వు తెచ్చిపెట్టుకోవడాన్ని మిగతా జనం చూడాలి.

కాటెలాన్ 1960లో ఇటలీలో పాదువాలో పుట్టాడు. తండ్రి లారీ డ్రైవర్, తల్లి ఇళ్ళల్లో ఊడ్చి తుడిచే పని. ఆర్ట్ కాలేజీ మెట్లు ఎక్కలేదు. చిన్నా చితకా ఉద్యోగాలు చేశాడు, శవాగారంలో కూడా పనిచేశాడు, తర్వాత ఫర్నిచర్ డిజైన్‌లోకి వచ్చాడు. 1989లో మొదటి సోలో షో పెట్టమంటే గ్యాలరీకి తాళం వేసి "ఇప్పుడే వస్తా" అని బోర్డు తగిలించాడు. అంతే షో. ఇది కుర్రతనం అనుకుంటే అనుకోండి, నేను పెద్దగా వాదించను.

1991లో చేసింది మాత్రం వేరే స్థాయి. ప్రదర్శన దగ్గరపడింది, చూపించడానికి చేతిలో ఏమీ లేదు. పోలీస్ స్టేషన్‌కు పోయి, నా కారులో పెట్టిన కళాఖండం పోయింది, అది కంటికి కనిపించనిది, అని ఫిర్యాదు ఇచ్చాడు. డ్యూటీలో ఉన్నాయన టైపు కొట్టి, ముద్ర వేసి, కాపీ చేతికిచ్చాడు. ఆ కాగితానికి ఫ్రేము కట్టించి గోడకు పెట్టాడు. ఎఫ్ఐఆర్ కాపీ కోసం స్టేషన్ చుట్టూ తిరిగినవాళ్ళు ఈ కాగితం ముందు ఒక్క నిమిషం ఎక్కువ నిలబడతారని నా నమ్మకం. అసలు పోయిన బైకుకే కాగితం పుట్టించడం కష్టమైన చోట, లేని వస్తువుకు కాగితం పుట్టించాడు! వస్తువు ఉందా లేదా అన్నది రాజ్యానికి పట్టదు, దరఖాస్తు సరిగ్గా నింపారా అన్నదే పట్టింపు. ఈ మాట మీద ఎన్ని సంపాదకీయాలైనా రాయొచ్చు. ఆయన ఒక్క ఫ్రేముతో సరిపెట్టాడు, అదీ పోలీసాయన చేతి పనితోనే.

"గింత దానికి ఆర్ట్ అని పేరెందుకు" అని మా బావ ఇక్కడ అడ్డం పడతాడు. చేతిపని లేకుండా ఆలోచన ఒక్కటే కళ అవుతుందా అన్నది పాత తగాదా, దాన్ని తీర్చేంత ఓపిక నాకు లేదు. నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయానికి మనం చూడ్డానికి పోయేది ఏంటి? గర్భగుడిలో లింగం వెనక పొద్దంతా కదలకుండా నిలిచే నీడ. స్తంభాలు చెక్కినవాళ్ళ పనితనం ఉంది, కాదనను, కానీ స్తంభాలను చూడ్డానికి ఎవరూ బస్సు దిగరు. ఎవరో ఒకాయన వెలుతురు ఎటు నుంచి వస్తుందో, ఏ స్తంభం ఎక్కడ నిలపాలో ముందే ఆలోచించి పెట్టిన లెక్కను చూడ్డానికి దిగుతారు. ఆలోచన కళ కాదంటే పానగల్లు బస్సు ఖాళీగా పోవాలి.

1992లో ఒబ్లొమోవ్ ఫౌండేషన్ అని ఒకటి పెట్టాడు. దాతల దగ్గర పదివేల డాలర్లు పోగు చేసి, ఒక ఏడాది పాటు ఎక్కడా ప్రదర్శన పెట్టనని ఒప్పుకునే కళాకారుడికి గ్రాంటుగా ఇస్తానని ప్రకటించాడు. ఒక్కరూ ముందుకు రాలేదు. గోడ మీద కనిపించకుండా ఒక్క ఏడాది ఉండలేని వాళ్ళు కళాకారులు అని తేలిపోయింది, దాతల పేర్లు చెక్కిన అద్దం పలక మాత్రం మిలాన్ ఆర్ట్ అకాడమీ గోడకు ఎక్కింది, డబ్బుతో ఆయన న్యూయార్క్ వెళ్ళిపోయాడు. ఉగాది కవి సమ్మేళనంలో శాలువా, మెమెంటో కోసం స్టేజీ కింద ఎదురుచూసే ముఖాలు చూసినవాళ్ళకు ఇది అర్థమవుతుంది. ఏడాది పాటు సన్మానం చేయించుకోను అంటే లక్ష ఇస్తామని మన దగ్గర ఎవరైనా ప్రకటిస్తే ఎంతమంది వస్తారో, ఊహించుకుంటేనే నాకు సంబరం.

1995లో పారిస్‌లో తన పనులు అమ్మే ఇమాన్యుయెల్ పెరోటాన్ చేత, ప్రదర్శన జరిగినన్ని రోజులూ, పురుషాంగం ఆకారంలో కుట్టించిన గులాబీ రంగు కుందేలు వేషం వేయించాడు. ఆ వేషంలోనే ఆయన గ్యాలరీలో తిరగాలి, ఖాతాదారులతో మాట్లాడాలి. ఆడవాళ్ళ వెంటపడతాడని ఆయనకున్న పేరు మీద చెణుకు అది. పెరోటాన్ వేసుకున్నాడు. ఎరువుల దుకాణం ముందు నవ్విన పటేల్ మనవడిలాగే, తప్పించుకుంటే ఇంకా పరువు తక్కువ. ది కార్లో గోడకెక్కింది దాని తర్వాతే. అమ్మి పెట్టేవాడి దగ్గర డబ్బు తీసుకుంటూనే, ఆ డబ్బుకు బదులుగా వాడి పరువు కూడా కొంత ఇవ్వాలని షరతు పెట్టినట్టు ఉంటుంది ఈ వరస.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఆయన క్యూరేటర్ టోపీ పెట్టుకున్నప్పుడు చేసినవి. 1999లో, యెన్స్ హాఫ్‌మన్ అనే క్యూరేటర్‌తో కలిసి, ఆరవ కరీబియన్ బియెనాలే అని ప్రకటించాడు. బియెనాలే అంటే రెండేళ్ళకోసారి జరిగే పెద్ద కళా జాతర, వెనిస్‌లో జరిగేది అన్నిటికీ పెద్దన్న. ఆర్ట్ పత్రికల్లో యాడ్స్ వచ్చాయి, ప్రెస్ నోటు వచ్చింది, ఓలాఫర్ ఎలియాసన్, పిపిలోట్టి రిస్ట్ లాంటి పెద్ద పేర్ల జాబితా వచ్చింది. సెయింట్ కిట్స్ దీవిలో దిగినవాళ్ళకు ఒక్క బొమ్మ కనిపించలేదు. కళాకారులు బీచ్‌లో ఈత కొడుతున్నారు, తింటున్నారు, నిద్రపోతున్నారు. కళ లేని కళా జాతర. ముందు అయిదు జరిగితే కదా ఇది ఆరోది అయ్యేది, అవీ జరగలేదు. తర్వాత కేటలాగ్ మాత్రం పద్ధతి ప్రకారం అచ్చయింది.

పాలమూరులో, నల్లగొండలో ఊరి బయట చెట్ల కింద శిలాఫలకాలు ఉంటాయి, మీరూ చూసే ఉంటారు. పేర్లు, హోదాలు, తేదీ, "వారి అమృత హస్తములచే". ఆ వెనక ఉండాల్సిన భవనమో కాల్వో ఉండదు. ఒకే పనికి ఇద్దరు వేర్వేరు నాయకులు వేసిన రెండు ఫలకాలు పక్కపక్కన ఉన్న చోట్లు కూడా ఉన్నాయి. నన్నడిగితే ఈ జిల్లాల్లో అందరికంటే సీనియర్ కాన్సెప్చువల్ ఆర్టిస్టు, అంటే వస్తువు కంటే ఆలోచనే కళ అనేవాడు, ప్రభుత్వమే. తేడా ఒకటే, కాటెలాన్ చేసినప్పుడు అది వెటకారమని ఆయనకు తెలుసు.

2002లో మస్సిమిలియానో జోని, అలీ సుబోట్నిక్ అనే ఇద్దరితో కలిసి న్యూయార్క్ చెల్సీలో, పెద్ద పెద్ద గ్యాలరీల మధ్య, రాంగ్ గ్యాలరీ తెరిచాడు. తెరిచాడు అనడం కూడా కుదరదు, ఎందుకంటే అది ఒక అద్దం తలుపు, దాని వెనక అడుగున్నర జాగా, తలుపుకు ఎప్పుడూ తాళం. చూసేవాళ్ళు రోడ్డు మీద నిలబడే చూడాలి. అమ్మకాలు లేవు. అయినా పేరున్న కళాకారులు అక్కడ ప్రదర్శనలు పెట్టారు. జాగా కోసం లక్షల డాలర్ల అద్దె కట్టే వీధిలో, గ్యాలరీకి కావాల్సింది జాగా కాదు, తలుపూ దాని మీద పేరూ అని చూపించడం. తర్వాత ఆ తలుపును లండన్‌లో టేట్ మోడర్న్ మ్యూజియం తీసుకెళ్ళి లోపల పెట్టుకుంది. ఈ ముగ్గురికే 2006లో నాలుగో బెర్లిన్ బియెనాలే, ఈసారి నిజంగా నిజమైనది, అప్పగించారు. దొంగ జాతర పెట్టినవాడికి అసలు జాతర తాళాలు! వాళ్ళు దాన్ని బాగా చేశారు కూడా: మ్యూజియం వదిలేసి ఒకే వీధి వెంట, చర్చిలో, మూతబడిన బడిలో, జనం కాపురముండే ఇళ్ళల్లో, శ్మశానంలో బొమ్మలు పెట్టారు. అంతకు ముందు అదే వీధిలో, ప్రపంచంలోనే పెద్ద గ్యాలరీ వ్యాపారి అయిన గగోసియన్ పేరుతో, ఆయన్ని అడగకుండా, బోర్డు కట్టి ఒక గ్యాలరీ నడిపారు. హైవే మీద హైదరాబాద్ హోటళ్ళ పేర్లతో వెలిసే బోర్డులు చూసే మనకు ఇందులో కొత్తేమీ లేదు, కాకపోతే వాళ్ళు బిర్యానీ పెట్టలేదు.

మిగతా క్యూరేటర్లలో కూడా ఆ చురుకు ఒకసారి కనిపించింది. కాటెలాన్ 2016లో 18 క్యారెట్ల బంగారంతో నిజంగా పనిచేసే టాయిలెట్ చేసి, న్యూయార్క్‌లో గుగెన్‌హైమ్ మ్యూజియం బాత్‌రూంలో బిగించాడు, పేరు 'అమెరికా'. జనం లైన్లో నిలబడి వాడుకున్నారు. ట్రంప్ మొదటిసారి గెలిచాక వైట్‌హౌస్ వాళ్ళు అదే మ్యూజియాన్ని వాన్ గో మంచు దృశ్యం ఒకటి అరువు అడిగితే, క్యూరేటర్ నాన్సీ స్పెక్టర్ అది కుదరదు గానీ కావాలంటే బంగారు టాయిలెట్ పంపిస్తాం అని చాలా మర్యాదగా మెయిల్ రాసింది. ఎవరూ గొంతు పెంచలేదు, ఆఫీసు భాష గీత దాటలేదు.

జాబితాలూ, కేటలాగులూ వేయడం కూడా దెబ్బే అని మా వైపు వాళ్ళకు ఎప్పుడో తెలుసు. తెలంగాణలో కవులు పూజ్యం, అంటే సున్నా, అని ఒకాయన రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి తిట్ల పురాణం మొదలుపెట్టలేదు. ఆయనది ఆలంపూర్ ప్రాంతం, 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్న మనిషి, తలుచుకుంటే వారం వారం ఉతికేయగలడు. కవిత్వాలు పంపమని జిల్లాలకు కబురు పెట్టి, వచ్చిన వాటిని సర్ది, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశాడు. అందులో అందరూ గొప్ప కవులేం కాదు, కొన్ని పద్యాలు చదవడం కష్టం. దాని బలం పద్యాల్లో కంటే ఆ విషయసూచికలో ఉంది. పేజీ తర్వాత పేజీ పేర్లు పోతూనే ఉంటాయి, "పూజ్యం" అన్న మాట పక్కన ఆ జాబితా పెట్టి చూస్తే నవ్వు ఆగదు. ఇది వ్యంగ్యమని ఆయన అనుకున్నాడో లేదో. నాకు మాత్రం ఇది తెలుగులో అత్యుత్తమ క్యూరేటర్ పని, పైగా తగలాల్సిన వాడికి తగిలింది.

ఇక దెబ్బలు తగిలినప్పుడు ఏమవుతుందో కూడా కాటెలాన్ జీవితంలో ఉంది. 1999లో ఆయన చేయించిన ఒక మైనపు బొమ్మలో పోప్ రెండో జాన్ పాల్ ఉల్క మీదపడి నేలకొరిగి ఉంటాడు, చేతిలో సిలువ కర్ర మాత్రం వదలడు. 2000 డిసెంబర్‌లో అది పోప్ సొంత దేశం పోలండ్‌లో, వార్సాలో పెట్టినప్పుడు ఇద్దరు ప్రజాప్రతినిధులు వచ్చి పోప్ మీద నుంచి ఉల్కను పక్కకు లాగి, ఆయన్ని లేపి నిలబెట్టడానికి చూశారు. గొడవ పెరిగి గ్యాలరీ డైరెక్టర్ ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. నాకైతే ఆ ఇద్దరూ వచ్చాకే ఆ పని పూర్తయిందనిపిస్తుంది. దేవుడి ప్రతినిధిని ఉల్క నుంచి కాపాడటానికి ఎంపీలు రావడం! 2004లో మిలాన్‌లో చెట్టుకు ముగ్గురు పిల్లల బొమ్మలు ఉరేసినట్టు వేలాడదీస్తే, ఒకాయన కోపం పట్టలేక చెట్టెక్కి కోస్తూ కిందపడి దెబ్బలు తగిలించుకున్నాడు. ఇది నాకు నచ్చలేదు. అక్కడ వెక్కిరింపు ఎవరి మీదో ఎంత ఆలోచించినా తేలదు, చెట్టెక్కిన మామూలు మనిషే చివరికి బలి. 2024 వెనిస్ బియెనాలేకు వాటికన్ వాళ్ళే ఆయన్ని పిలిచి, ఆడవాళ్ళ జైలు చర్చి గోడ మీద మురికి పాదాల పెద్ద బొమ్మ వేయించుకున్నారు, పోప్ ఫ్రాన్సిస్ కూడా ఆ జైలుకు వచ్చిపోయాడు. గడివాళ్ళే పిట్టలదొరను లోపలికి పిలిచి కుర్చీ వేసిన పని. వాటికన్ గొప్పతనమా, కాటెలాన్ పదును తగ్గిందా, రెండూ కావచ్చు.

ఇంకొక గీత ఉంది, దాని దగ్గర నేను ఆయన పక్షాన ఉండలేను. ఆ పోప్‌ను చేతులతో చేసింది డానియెల్ ద్రూయే అనే ఫ్రెంచి శిల్పి. మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తున్న హిట్లర్ బొమ్మ కూడా ఆయనదే, అది 2016 వేలంలో కోటి డెబ్బై లక్షల డాలర్లు దాటింది. ఈ పనులకు కర్త నేను అని ద్రూయే పారిస్ కోర్టుకు పోతే 2022 జూలైలో కేసు కొట్టేశారు. దావా వేసింది కాటెలాన్ మీద కాదు, గ్యాలరీ మీదా మ్యూజియం మీదా అన్న సాంకేతిక కారణం అందులో పెద్దది. ఆలోచన కళ అని పైన నేనే వాదించాను, దానికి కట్టుబడి ఉన్నాను. కానీ పోచంపల్లి మగ్గం మీదా గద్వాల మగ్గం మీదా కూర్చున్నవాళ్ళకు ఈ కథ బాగా తెలుసు: చీర మీద పేరు డిజైనర్‌ది, నడుము నొప్పి నేసినాయనది. అధికారాన్ని వెక్కిరించడం వృత్తిగా పెట్టుకున్న మనిషి, పేరు దగ్గరికి వచ్చేసరికి తానే దొరలా ప్రవర్తిస్తే ఆ వెక్కిరింపు తిరిగి ఆయన కోటుకే అంటుకుంటుంది.

అరటిపండు 2019 డిసెంబర్‌లో మయామీ బీచ్ ఆర్ట్ బజారులో మొదటిసారి గోడకెక్కింది. మొత్తం మూడు ప్రతులు, ధర లక్షా ఇరవై వేల డాలర్ల నుంచి లక్షన్నర దాకా. కొన్నవాళ్ళకు దక్కేది పండు కాదు, ఒక సర్టిఫికెట్, దానితో పాటు సూచనల పుస్తకం: నేల నుంచి 175 సెంటీమీటర్ల ఎత్తులో అంటించాలి, పండు మగ్గితే మార్చుకోవాలి. నాకు ఇందులో నచ్చింది ఆ సర్టిఫికెట్టే, అది 1991 నాటి పోలీసు కాగితానికి మనవడు. కానీ అమ్మింది ఎవరు? కుందేలు వేషం వేసిన ఆ పెరోటాన్ గారే. ఈసారి ఆయన ఒంటి మీద వేషం లేదు, మంచి సూటు ఉంది. గోడ మీద ఆయన లేడు, పండు ఉంది. 1999లో టేపు కింద నలిగింది వ్యాపారి. 2019లో టేపు కింద ఎవరూ లేరు, వ్యాపారి పక్కన నిలబడి ఫొటో దిగుతున్నాడు.

2024లో కొన్న జస్టిన్ సన్, క్రిప్టో డబ్బుతో ఎదిగిన వ్యాపారి, హాంకాంగ్‌లో హోటల్లో విలేకరులను పిలిచి ఆ పండు వొలుచుకుని తిన్నాడు. ఇక్కడే పిట్టలదొర ఆట పూర్తిగా తిరగబడింది. పటేల్ మనవడు నవ్వక తప్పక నవ్వితే అంగడికి అందులో మజా ఉంది. ఆయనే లేచి, పిట్టలదొర టోపీ లాక్కుని తన నెత్తిన పెట్టుకుని, తానే జోకులు చెప్పడం మొదలుపెడితే? జనం చప్పట్లు కొడతారు, కానీ ఆ తర్వాత పిట్టలదొరకు చేయడానికి పనేమీ మిగలదు. సన్ చేసింది అదే. ఆయన అంటించబడలేదు, తిన్నాడు.

నిజంగా ఆ టేపు కింద చిక్కుకున్నది ఇంకొకరు. ఆ వేలం కోసం పండు కొన్నది వేలంశాల బయట ఉన్న పండ్ల బండి మీద, 35 సెంట్లకు. బండి దగ్గర నిలబడ్డది బంగ్లాదేశ్ నుంచి వలస వచ్చిన ఒక ముసలాయన, బండి కూడా ఆయనది కాదు, గంట కూలి. న్యూయార్క్ టైమ్స్ విలేకరి పోయి ఆ పండు ఎంతకు పోయిందో చెబితే ఆయన ఏడ్చేశాడు. పేదవాణ్ణి, అంత డబ్బు కంటితో చూడలేదు అన్నాడు. సన్ వెంటనే ఆ బండి మీద లక్ష అరటిపండ్లు కొంటానని ప్రకటించాడు, బండి మీద కూలీకి దానివల్ల గంటకు ఒక్క సెంటు పెరగదన్న సంగతి ఎవరో చెప్పాల్సి వచ్చింది. కాటెలాన్ స్పందన ఏంటంటే, విని మనసు కదిలింది గానీ సమస్యలు తీర్చడం కళ పని కాదు అని. నిజమే, కాదు. నేనూ ఆ పని అడగడం లేదు. పాలమూరు నుంచి బొంబాయికి మట్టి పనికి పోయినవాళ్ళ ఇళ్ళల్లో పెరిగిన మనిషి ఎవరైనా ఆ వార్తలో బండి దగ్గరే ఆగిపోతాడు, అంతే. వెటకారం మొత్తం కదిలిపోయి, పైన ఉన్నవాణ్ణి వదిలేసి, కింద ఉన్నవాడి మీద పడింది. అది కావాలని చేసింది కాకపోవచ్చు. పిట్టలదొర అయితే ఆ బండి మీద పండు కొన్నాక కనీసం బేరమాడుతూ ఆ పెద్దాయన్ని కూడా ఆటలోకి లాగేవాడు.

బావ వాదన ఇవన్నీ విన్నాక కూడా మారలేదు. "నువ్వెన్ని చెప్పు, దొర దగ్గర పైసలు దీస్కొని దొరను తిట్టుడు ఏం తిట్టుడు?" అంటాడు. చాలామంది మాట ఇదే, డబ్బు ముట్టుకుంటే వ్యంగ్యం చచ్చిపోయినట్టే అని. నేను ఒప్పుకోను. పిట్టలదొర వడ్లు తీసుకున్నాడు, పగటి వేషగాళ్ళు తీసుకున్నారు, తీసుకోకపోతే వాళ్ళ పిల్లలు ఏం తినాలి? తీసుకోవడం పాపం కాదు. జోలె చాపడానికి ముందు మాట పడిందా లేదా, ఆ మాట ఎవరు రాశారు, అవి చూడాలి. 2018లో షాంఘైలో ఒక పెద్ద ఫ్యాషన్ కంపెనీ ఖర్చుతో, కాపీ కొట్టడం మీద కాటెలాన్ ఒక ప్రదర్శన క్యూరేట్ చేశాడు. కాపీ సంచులు అమ్మేవాళ్ళతో ఏళ్ళ తరబడి తగాదా పడే రకం కంపెనీ అది. ఆ ప్రదర్శనలో కంపెనీకి కుందేలు వేషం వేయించాడా? లేదు. నాకు లెక్క అక్కడ తేడా వచ్చింది, డబ్బు దగ్గర కాదు.

మన పిట్టలదొరకూ ఇప్పుడు ఇదే జరుగుతోంది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం ఆటపాటల స్టేజీల మీద ఆయన వేసిన చురకలు గుర్తున్నవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు ఓటు వేయండి, దోమతెరలు కట్టుకోండి, మొక్కలు నాటండి అని చెప్పడానికి ఆఫీసులు పిలుస్తున్నాయి. రాను పోను చార్జీలు, భోజనం, చేతికి ఎంతో కొంత, దాంతో పాటు ఏం మాట్లాడాలో టైపు చేసిన కాగితం. మొన్న మా జిల్లాలో ఒక సభలో చూశాను. కోటు కొత్తది, పతకాలు స్టీలువి, రెండు కాళ్ళకూ బూట్లున్నాయి. ముందు వరుసలో ఆఫీసర్లంతా కూర్చున్నారు, మైకు మూడుసార్లు ఆగిపోయింది, మంచినీళ్ళ క్యాన్లు ఖాళీ అయి గంట దాటింది, శిలాఫలకం మీద కప్పిన తెర తాడు లాగితే రాక ఒక అటెండరు నిచ్చెనెక్కి తీస్తున్నాడు. పిట్టలదొర ఎక్కడా తడబడకుండా కాగితంలో ఉన్నదంతా అప్పజెప్పి, సెల్యూట్ కొట్టి దిగిపోయాడు. డబ్బు తీసుకున్నందుకు నాకేం కోపం లేదు. కనీసం ఆ మైకు మీదైనా ఒక్క మాట అనాల్సింది.